సాఫ్ట్‌వేర్ కొనేముందు ఒక మాట

ఈ ఏటి సంచికకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. పాత విద్యార్థిని గదా, హాస్టలు కబుర్లేవో నాలుగు రాసి పంపిద్దామనుకున్నాను. కాఫీలు తాగుతుండగా మాటల్లో ఒక సంగతి బయటపడింది. పూర్వ విద్యార్థులం పోగుచేసి ఇచ్చిన సొమ్ముతో ఎలక్ట్రికల్ విభాగానికి బిల్డింగు డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనాలనే ఆలోచన ఉందట. ఏది కొనాలన్న దాని మీద విద్యార్థులు అప్పుడే రెండు పక్షాలైపోయారట. ఒక పక్షం రెవిట్ అంటుంది, ఇంకో పక్షం ఈటాప్ అంటుంది. "మీరు నలభై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నారు గదా సార్, మీరే చెప్పండి" అన్నారు. హాస్టలు కబుర్లు వచ్చే ఏటికి వాయిదా వేసి ఈ విషయమే రాస్తున్నాను. నేను చెప్పేది రెండు పక్షాలకీ రుచించకపోవచ్చు.

నేను పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది 1983లో. మొదటి ఉద్యోగం డ్రాయింగు బల్ల ముందు. టీ-స్క్వేరు, ట్రేసింగ్ పేపరు, సిరా పెన్ను. గీత తప్పితే బ్లేడుతో గీకడం, ప్రింటు తీస్తే గదంతా అమోనియా ఘాటు. ఆటోక్యాడ్ అమెరికాలో 1982లోనే వచ్చినా మా ఆఫీసు గడప తొక్కేసరికి పదేళ్లు పట్టింది. తొక్కినప్పుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. మౌసు పట్టుకుని గీసేది కూడా డ్రాయింగేనా అని వాదించాను. తప్పు నాదే. ఆర్కిటెక్టుగారు మెట్లు తూర్పు నుంచి పడమటికి మార్చినప్పుడల్లా నాలుగు రోజులు కూర్చుని తిరగగీసే పని ఒక్క పూటలో అయిపోవడం చూశాక నోరు మూసుకున్నాను. కాబట్టి నన్ను కంప్యూటరు ద్వేషిగా జమకట్టవద్దని మనవి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనవాళ్లు సాఫ్ట్‌వేర్ అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. రెవిట్, ఈటాప్ పోటీదారులే కావు. రెవిట్ ప్రధానంగా భవనాన్ని మూడు కొలతల్లో నిలబెట్టి చూపేది. పెద్ద ఆసుపత్రిలో ఫాల్స్ సీలింగు పైన ఏసీ డక్టులు, నీళ్ల పైపులు, మన కేబుల్ ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ముందే చూసుకోవడానికి అది దివ్యంగా పనికొస్తుంది. ఈటాప్ సబ్‌స్టేషన్ వైపు మనిషి. షార్ట్ సర్క్యూట్ కరెంటు ఎంత, ఏ బ్రేకరు ముందు పడాలి, లోడ్ ఎటు ప్రవహిస్తుంది అన్న లెక్కలు దానివి. వెలుతురు లెక్కలకి జర్మనీ వాళ్ల డయలక్స్ వేరే ఉంది. రెండంతస్తుల ఇంటికి ఇవేవీ అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీటు, గీయడానికి ఏదో ఒక క్యాడ్ ఉంటే చాలు. ఏది గొప్ప అని కొట్టుకోవడం సుత్తి గొప్పదా రంపం గొప్పదా అని వడ్రంగులు కొట్టుకున్నట్టుంటుంది.

అయితే నన్ను ఈ వ్యాసం రాయించింది అది కాదు. ఒక ఫంక్షన్ హాలు సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట కొత్తగూడెం వైపు ఒక హాలుకి మా ఆఫీసు డిజైన్ చేసింది. మా కుర్రవాడొకడు, చురుకైనవాడే, సాఫ్ట్‌వేర్‌లో లోడు ఎక్కించి కేబుల్ సైజులు తీశాడు. రిపోర్టు చూడముచ్చటగా వచ్చింది. రంగుల పట్టికలు, ప్రతి వరసకీ పక్కన ఆకుపచ్చ టిక్కు. నేను పైపైన చూసి సంతకం పెట్టాను. మే నెలలో తొలి పెళ్లి. ముహూర్తానికి గంట ముందు హాలు సగం చీకటైపోయింది. ఏసీలు ఆగిపోయాయి, జనం బయటికి పరుగెత్తారు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు నేను వెళ్లేసరికి మా ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదినుంచే అన్నాడు, "సారూ, మాడు వాసన ఇంకా పోలే. వైరు మెత్తబడిపోయింది చూడుండ్రి."

ఆఫీసుకి తిరిగొచ్చి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ వాడింది అంతర్జాతీయ ఐ.ఇ.సి. పట్టిక. అందులో కేబుల్ మోసే కరెంటుని చుట్టూ గాలి 30 డిగ్రీలుంటుందని అనుకుని ఇస్తారు. ఐరోపాలో అది సరే. మన ఐ.ఎస్. 3961 వాళ్లు మన ఎండలెరిగి 40 డిగ్రీల మీద కట్టారు. ఇక మా కేబుళ్లు పోయింది జింకు రేకుల కప్పు కింద. బయటే 45 దాటే ఊళ్లో ఆ రేకుల కింద 50కి తక్కువుండదు. పీవీసీ తట్టుకునే హద్దు 70. అంటే 30 డిగ్రీల గాలిలో వేడెక్కడానికి 40 డిగ్రీల జాగా ఉంటే, 50 డిగ్రీల గాలిలో మిగిలేది 20 మాత్రమే. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక 20ని 40తో భాగించి వర్గమూలం తీస్తే 0.71. 100 ఆంపియర్ల కేబుల్ 71కి దిగిపోయింది. పైగా మూడు కేబుళ్లు కలిపి కట్టగట్టారు. దానికి ఇంకో 0.70. చివరికి మిగిలింది 50. మేము దాని మీద వేసింది 80 ఆంపియర్లు. కాపలాకి పెట్టిన బ్రేకరు 100ది గనక, ఇన్సులేషన్ కరిగి వైరుకి వైరు తగిలేదాకా దానికి పడవలసిన అవసరమే కనబడలేదు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదండి. ఉష్ణోగ్రత ఎంతో రాయమని ఒక గడి ఇచ్చింది. ఆ గడిలో ముందే 30 అని ఉంది. మావాడు దాన్ని ముట్టుకోలేదు, నేను చూడలేదు. కొత్త కేబుల్ ఖర్చు నా చేతినుంచే పెట్టుకున్నాను. అది న్యాయమే.

దీనికి విరుద్ధమైన తప్పు కూడా చూశాను. మన దేశపు కేటలాగులో 40 డిగ్రీలకే ఇచ్చిన అంకె తీసుకుని, దాని మీద ఐ.ఇ.సి. వాళ్ల 40 డిగ్రీల గుణకం 0.87 మళ్లీ వేసేవాళ్లున్నారు. ఒకే ఎండకి రెండుసార్లు కోత. అప్పుడు కేబుల్ కాలదు గాని యజమాని జేబు కాలుతుంది.

వెలుతురు లెక్కా అంతే. గది తాజాగా సున్నం వేసినట్టు, దీపాలు నెలనెలా తుడిచినట్టు అనుకుని 0.8 అనే మెయింటెనెన్స్ గుణకం పెట్టేస్తారు. మన వర్క్‌షాపులో ట్యూబులైట్ల మీద ధూళి ఎప్పుడు తుడిచారో సూపరింటెండెంటుగారినే అడగాలి (ఆయన కోప్పడరని ఆశ).

అందుచేత సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది, అది ఏ పట్టిక తీసుకుందో, ఏ అంకె ఊహించుకుందో విప్పి చూపిస్తుందా లేదా అని. జవాబు మాత్రం ఇచ్చి దారి దాచేది ఎంత ఖరీదైనదైనా నాకొద్దు. నాకు ముందే చేత్తో జవాబు తెలిసిన చిన్న భవనం ఒకటి దానికి పెట్టి చూస్తాను. తేడా వస్తే ఎందుకొచ్చిందో కనిపెట్టేదాకా వదలను. ఇక గీసే సాఫ్ట్‌వేర్ అయితే, రేపు దాన్ని మానేస్తే నా డ్రాయింగులు నాతో వస్తాయా అని చూసుకోవాలి. రెవిట్‌లో కొత్త వెర్షనులో దాచిన ఫైలుని పాత వెర్షను తెరవదు. ఆటోడెస్క్ వాళ్లు శాశ్వత లైసెన్సులు అమ్మడం 2016లో ఆపేసి అద్దె పద్ధతి పెట్టారు. అద్దె కట్టడం ఆపితే తలుపు మూసుకుంటుంది. ఈ భారం భరించలేక దొంగ కాపీలు వాడే చిన్న ఆఫీసులు నాకు తెలుసు. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది గాని సమర్థించలేను. ఏ గడిలో ఎవరు వేలు పెట్టారో తెలియని ప్రోగ్రాముతో కేబుల్ సైజు తీసి, దాని కింద జనాన్ని కూర్చోబెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

సరే, మన నిధి విషయానికొద్దాం. రెవిట్, ఆటోక్యాడ్ విద్యార్థులకి చదువు నిమిత్తం ఉచితంగానే ఇస్తారు. దాంతో డబ్బు పుచ్చుకునే పని చేయకూడదు, అంతే. డయలక్స్ అందరికీ ఉచితం. దీపాలు తయారుచేసే కంపెనీలు ఆ ఖర్చు భరిస్తాయి. అంటే రెవిట్ పక్షంవారికి కావలసింది డబ్బు కాదు, నాలుగు మంచి కంప్యూటర్లు. ఈటాప్ వంటి దానికి మాత్రం డబ్బు పెట్టాలి. పవర్ సిస్టమ్స్ చెప్పే మేష్టార్లు దాన్ని పాఠంలో వాడతామంటే ఒక లైసెన్సు మాటాడుకోవచ్చు. వాడతామన్న మాట ముందు తీసుకోండి. తాళంవేసిన లాబుకి లైసెన్సు అనవసరం.

మిగిలిన సొమ్ముతో నేనైతే పనిముట్లు కొంటాను. రెండు క్లాంపు మీటర్లు, ఒక లక్సు మీటరు, ఒక ఎర్త్ టెస్టరు, వీలైతే ఒక థర్మల్ కెమెరా. ఇన్నేళ్లలో నా దగ్గరికి ఇంటర్వ్యూకొచ్చిన పిల్లల్లో రెవిట్ వచ్చని రాసుకున్నవాళ్లు బోలెడుమంది. "మీ కాలేజీ ఎర్త్ పిట్ ఎన్ని ఓములుంది?" అంటే చెప్పినవాడు ఒక్కడు. వాడి సర్టిఫికెట్లు నేను తర్వాత తీరిగ్గా చూశాను.

లెక్చరర్లు అనుమతిస్తే ఒక పని చేద్దాం. మన లైబ్రరీ భవనం డిజైన్ ఫైనలియర్ వాళ్లకిద్దాం. సగంమంది సాఫ్ట్‌వేర్‌తో, సగంమంది కాగితం మీద చేస్తారు. మే నెల మధ్యాహ్నం మూడింటికి పైకప్పు కింద ట్రే దగ్గర థర్మామీటరు పట్టుకుని ఇద్దరినీ నిలబెట్టి ఎవరి అంకె ఎంత దగ్గరగా ఉందో చూద్దాం. నిచ్చెన నేను పట్టుకుంటాను. ఆదివారం తప్ప ఏ రోజైనా సరే, కబురు చేయండి.