రన్‌వే పక్కన కాస్త చోటివ్వండి

2025 జూన్ 12 మధ్యాహ్నం. అహ్మదాబాద్ విమానాశ్రయం దగ్గర ఓ డాబా మీద 17 ఏళ్ల కుర్రాడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఊరి నుంచి వచ్చాడు, విమానాలంటే ఇష్టం. ఇంత దగ్గరగా ఎగిరే విమానాన్ని వీడియో తీసి స్నేహితులకు చూపించాలనుకున్నాడు. లండన్ వెళ్లాల్సిన ఎయిరిండియా విమానం లేచినట్టే లేచి, ఎత్తు అందుకోలేక, ఇళ్ల వెనక్కి దిగిపోయి మంటల్లో కలిసిపోయింది. గాలిలో ఉన్నది అర నిమిషం. 260 మంది ప్రాణాలు పోయాయి. చక్రాలు లోపలికి ఎందుకు ముడుచుకోలేదు, ఇంజిన్లకు ఏమైంది అని ప్రపంచమంతా ఆ వీడియోనే పట్టిపట్టి చూసింది. పోలీసులు ఆ అబ్బాయి వాంగ్మూలం తీసుకోగానే అరెస్టు చేశారంటూ పుకారు లేచింది. సాక్షిగా మాత్రమే మాట్లాడామని పోలీసులే చెప్పాల్సి వచ్చింది.

ఆ పుకారును జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారు? విమానాన్ని ఫొటో తీయడమే ఏదో తప్పన్న భయం మనలో పాతుకుపోయింది కాబట్టి.

కానీ అలాంటి ఫొటోలే ఒక్కోసారి సాక్ష్యమవుతాయి. 2000 జులై 25న పారిస్‌లో కాంకార్డ్ విమానం రెక్క కింద మంటలతో పైకి లేచిన దృశ్యం మనకు మిగిలిందంటే, విమానాలు చూడ్డానికి వచ్చినవారు సహా ఆ రోజు అక్కడున్న కొందరి చేతుల్లో కెమెరాలు ఉండబట్టే. ప్రమాదం ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. రోజూ ఓపిగ్గా తీసేవాళ్లుంటేనే ఆ ఒక్క రోజు సాక్ష్యం దొరుకుతుంది.

చట్టం ఏమంటోంది? 1937 నాటి విమాన నిబంధనల్లో 13వది, ప్రభుత్వ విమానాశ్రయంలోనూ ఎగురుతున్న విమానం నుంచీ లిఖితపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయరాదంది. ప్రయాణికులు కిటికీలోంచి తీసుకోవడానికి 2004లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వీలు కల్పించింది. ప్రహరీ బయట రోడ్డు మీదో, సొంత డాబా మీదో నిలబడ్డవాడి ప్రస్తావన ఆ నిబంధనలో లేదు. ఆ ఖాళీని కాపలావాళ్ల ఇష్టాయిష్టాలు నింపుతున్నాయి. కొన్నేళ్ల కిందట ఓ మహానగర విమానాశ్రయం బయట నాకూ ఇదే జరిగింది. ‘డిలీట్ చేసేయండి సార్, ఆర్డర్ ఉంది’ అన్నాడో ఉద్యోగి. ఆ ఆర్డరేమిటో ఆయనకూ తెలియదు. తెల్లవారుజాము నుంచి తీసినవన్నీ అక్కడే తుడిచేశాను.

ఆ ఫొటోల వెనక ఎంత పని ఉంటుందో చాలామందికి తెలియదు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి ముందు గాలివాటు చూసుకోవాలి. శంషాబాద్‌లో నైరుతి గాలులు వీచే నెలల్లో టేకాఫ్‌లు పడమటికి సాగితే, గాలి మారాక తూర్పుకి. నిన్న నిలబడ్డ చోటు ఇవాళ పనికిరాదు. ఎండెక్కాక రన్‌వే మీది గాలి కాగిన పెనం మీద ఆవిరిలా వణికి, ఎంత ఖరీదైన లెన్సుకైనా బొమ్మ చెదిరిపోతుంది. అందుకే తెల్లవారుజామునే చేరుకోవాలి. జెట్ విమానానికి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టొచ్చు. అదే వేగంతో ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానాన్ని తీస్తే రెక్కల ముందున్న ప్రొపెల్లర్ గడ్డకట్టినట్టు కనిపిస్తుంది, విమానం గాల్లో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. రెండు వందలవ వంతుకు తగ్గించి, విమానంతో పాటు కెమెరానూ సాఫీగా తిప్పాలి. ముక్కు చక్రం నేల వదిలే ఆ క్షణం చేయి వణికితే, మళ్లీ రేపే.

కొన్ని విమానాల విషయంలో ఆ రేపు కూడా ఉండదు. 2016 మే 13న ప్రపంచంలోనే అతి పెద్ద విమానం, ఆరు ఇంజిన్ల ఆంటొనోవ్ ఏఎన్-225 ‘మ్రియా’ శంషాబాద్‌లో దిగింది. భారత్‌కు అది రావడం అదే మొదలు. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే హోస్తొమెల్ విమానాశ్రయంలో అది ధ్వంసమైంది. అలాంటిది మరొకటి లేదు. ఆ విమానం హైదరాబాద్ వచ్చిందని మన పిల్లలకు చూపించడానికి మిగిలినవి ఆ రోజు తీసిన ఫొటోలే.

భద్రత మాటేమిటంటారా? భద్రత ముఖ్యం, ఇందులో రెండో మాట లేదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళం ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉంది. అక్కడ కెమెరా వద్దంటే తలవంచాల్సిందే. కానీ పౌర విమానాశ్రయం సంగతి వేరు. ఏ విమానం ఎంత ఎత్తులో, ఎంత వేగంతో వెళ్తోందో ఫోన్‌లోని యాప్ ఎవరికైనా చూపిస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో రన్‌వే గీతలు లెక్కపెట్టొచ్చు. ఇక ఫొటో ఆపి దాచేదేమిటి? పైగా రోజూ అక్కడే నిలబడే ఔత్సాహికుడు కంచె దగ్గర కొత్త మనిషినీ, దారి తప్పిన డ్రోన్‌నూ ముందుగా గుర్తుపడతాడు. అతన్ని తరిమేస్తే పోయేది మన కళ్లే.

మాంచెస్టర్‌లో రన్‌వే పక్కనే సందర్శకుల పార్కు ఉంది. జపాన్‌లోని నరిటాలో విమానాలు నెత్తి మీదుగా వెళ్లే చోట ఉద్యానవనం ఉంది. అక్కడి హనేడా విమానాశ్రయం టెర్మినళ్ల పైన అందరికీ డెక్కులున్నాయి. మన దగ్గరా ఒకప్పుడు సందర్శకుల గ్యాలరీలుండేవి. భద్రత పేరుతో మూసేశాం, వాటి బదులు ఇంకేమీ ఇవ్వలేదు.

శంషాబాద్ కంచె బయట ఎత్తయిన మట్టిదిబ్బ, నీడ, ఒక నిఘా కెమెరా, పేరు నమోదు చేసుకునే పుస్తకం చాలు. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికీ అలాంటి చోటు కేటాయించాలి. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు ఆ పక్క జిల్లా శ్రీకాకుళం నుంచి వచ్చినవారే. బయటి నుంచి ఫొటో తీయడం నేరం కాదని ఒక స్పష్టమైన ఉత్తర్వు, రెండు రాష్ట్రాల్లో రెండు చోట్లు: మంత్రిగారిని అడుగుతున్నది ఇంతే.