ముక్కు చెప్పిన సాక్ష్యం

పంచేంద్రియాలలో ముక్కుకు లోకం వేసిన పీట చివరిది. చూపు లేనివారికి, వినికిడి లేనివారికి భాషలో పేర్లున్నాయి, చట్టంలో రక్షణ ఉన్నది, పరీక్షలలో వెసులుబాటు ఉన్నది. వాసన తెలియని మనిషికి వాడుక తెలుగులో ఒక పేరైనా లేదు. పేరు లేని లోపం లెక్కకు రాదు. 2020లో కరోనా మహమ్మారి వచ్చి అసంఖ్యాకుల ఘ్రాణశక్తిని హరించే వరకు ఈ విషయాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. అది తగ్గుముఖం పట్టిన తర్వాత కూడా పట్టించుకోలేదన్నదే మా ఫిర్యాదు.

ఆ సంవత్సరం మార్చి 20 ప్రాంతంలో బ్రిటన్ దేశపు చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం ఒక ప్రకటన వెలువరించింది. జలుబు లేకుండా, ముక్కు దిబ్బడ లేకుండా, ఉన్నట్టుండి వాసన తెలియకపోవడం ఈ వ్యాధికి గుర్తు కావచ్చుననీ, అటువంటివారు ఇల్లు కదలకుండా ఉండడం మేలనీ దాని సారాంశం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఏప్రిల్ నెలాఖరులో ఈ లక్షణాన్ని తన పట్టికలో చేర్చింది. బ్రిటిషు ప్రభుత్వం తన వైద్యులు చెప్పిన రెండు నెలలకు, మే 18న, చేర్చింది. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ చేర్చినది జూన్ 13న.

పట్టికలో చేరినంత మాత్రాన గుమ్మం దగ్గర మార్పు రాలేదు. కార్యాలయాల వాకిళ్ళలో, బజారులలో, మసీదు మెట్ల మీద, తర్వాత తెరిచిన కళాశాలల గేట్ల దగ్గర నుదుటికి ఉష్ణమాపకం గురిపెట్టే పద్ధతి సాగింది. అంకె మామూలుగా ఉంటే లోపలికి పొమ్మనేవారు. మూడు రోజులుగా కాఫీ పొడికీ ఇంగువకూ తేడా తెలియని మనిషి, ఒళ్ళు చల్లగా ఉన్నది కనుక, నిరాటంకంగా లోపలికి పోయేవాడు. నీకు వాసన తెలుస్తున్నదా నాయనా అని అడిగినవారు అరుదు. ఆ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.

ఎందుకు అడగలేదు? జ్వరానికి అంకె ఉన్నది, దానిని ఎదుటివాడు చదువుకోగలడు. వాసన విషయంలో రోగి నోటిమాటే సాక్ష్యం. ఎదుటివాని మాటను, అందులోనూ చిన్నవాని మాటను, సాక్ష్యంగా స్వీకరించే అలవాటు మన ఆసుపత్రులలోనూ తక్కువే, మన విద్యాలయాలలోనూ తక్కువే. ఆ మాటకు వస్తే వాసనకు కొలత లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 1980లలోనే కాగితాన్ని గీకి వాసన చూసే 40 ప్రశ్నల పరీక్షను తయారు చేశారు. అందులోని వాసనలు కొన్ని మన పిల్లలు ఎన్నడూ ఎరుగనివి కావడం వేరే సంగతి. మన ఇళ్ళలో ఆడవారు అంతకంటె మంచి పరీక్షను ఎవరూ చెప్పకుండానే నడిపారు. పోపులపెట్టె తెరిచి ముందు పెట్టేవారు. అత్తరు సీసా బిరడా తీసి మణికట్టుకు రాసి చూడమనేవారు.

రెండవ తాకిడి 2021లో వచ్చింది. ఏప్రిల్ 13 ప్లవ నామ సంవత్సర ఉగాది. మరునాడే రంజాను మొదటి రోజా. ఒక ఇంట షడ్రుచుల పచ్చడి, పక్క ఇంట ఇఫ్తారు దస్తర్‌ఖాన్, రెండు ఇళ్ళలోనూ ఒకే మాట: రుచి పోయింది. నాలుక రుచి తగ్గినవారు లేకపోలేదు గాని, చాలామంది విషయంలో పోయినది వాసన. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొద్ది సంగతులు మాత్రమే. మిరప మంట వేరొక నాడి పని. మామిడి మామిడిగా, వేపపువ్వు వేపపువ్వుగా తెలిసేది ముక్కు వల్లనే. ఆ దినాలలో ఖర్జూరం తియ్యగా ఉండేది, ఖర్జూరంలా ఉండేది కాదు. హలీం మెత్తగా, ఉప్పగా గొంతు దిగేది, అంతే.

ఇది ఎలా సంభవించిందో శాస్త్రజ్ఞులు త్వరగానే కనుగొన్నారు. ముక్కు లోపల పైభాగాన తపాలా బిళ్ళంత పొర ఒకటి ఉన్నది. వాసనలను పట్టే నాడీకణాలు అక్కడే ఉంటాయి. వాటి మీద సుమారు 400 రకాల గ్రాహకాలు; ఈ గ్రాహకాల రహస్యాన్ని 1991లో ఛేదించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరికి 2004లో నోబెల్ బహుమానం లభించింది. కరోనా వైరస్ కణంలోకి చొరబడడానికి ఏసీఈ-2 అనే ద్వారం కావాలి. ఆ ద్వారం వాసన నాడులలో కాక, వాటిని చుట్టుకొని పోషించే కణాలలో ఉన్నదని 2020లో హార్వర్డు వైద్యకళాశాల పరిశోధకులు చూపారు. వత్తి చెడలేదు, ప్రమిద పగిలింది. అందుకే చాలామందికి కొద్ది వారాలలో ఆ కణాలు తిరిగి మొలిచి వాసన మరలి వచ్చింది.

అందరికీ రాలేదు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం నూటికి అయిదారుగురికి ఈ లోపం దీర్ఘకాలం నిలిచిపోవచ్చును. ఒమిక్రాన్ రకం వచ్చాక వాసన పోవడం తగ్గిన మాట వాస్తవమే. డెల్టా కాలంలో నూటికి 53 మందికి కలిగిన ఈ లక్షణం ఒమిక్రాన్‌లో 17 మందికే కలిగినట్లు అదే ఏడాది లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటిషు అధ్యయనం తెలిపింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితిని ఎత్తివేసింది. ఇక ఆ ముచ్చట ఎందుకనేవారు ఈ అంకెలనే చూపుతారు. 2021లో వాసన పోయి తిరిగి రాని విద్యార్థికి ఈ అంకెలు ఏ విధంగా ఓదార్పు?

మన పూర్వులు ముక్కును ఇంత చిన్నచూపు చూడలేదు. ముక్కు తిమ్మనకు బిరుదనామం తెచ్చినది ముక్కు అందమే గాని దాని పని కాదనుకోండి. పెద్దన మాత్రం దాని పనిని ఎరిగినవాడు. మనుచరిత్రలో హిమగిరిపై దారి తప్పిన ప్రవరునికి దగ్గరలో ఒక స్త్రీ ఉన్నదని తెలిపినది కన్ను కాదు, చెవి కాదు; గాలిలో తేలివచ్చిన కస్తూరి కర్పూర తాంబూల పరిమళం. పాత తెలుగులో వలపు అంటే సువాసన కూడా. కంపు అన్న మాటకు మంచి వాసన అనే అర్థమూ ఉండేది. నేడు కంపు సంగతి చెప్పనక్కరలేదు. ఉత్త వాసన అన్నా ముక్కు మూసుకుంటున్నాము. ఉర్దూలో బూ అనే మాటకూ ఇదే గతి పట్టింది. ముందు ఖుష్ చేర్చితే తప్ప దానికి మర్యాద లేదు.

పవిత్ర ఖురానులోని యూసుఫ్ సూరాను ఈ సందర్భంలో స్మరించకుండా ఉండలేము. పుత్రశోకంతో కన్నులు పోగొట్టుకొన్న హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాం, కుమారుని చొక్కా తెస్తున్న బిడారు ఇంకా దూరాన ఉండగానే, యూసుఫ్ పరిమళం నాకు తెలుస్తున్నదన్నారు. నాకు మతి తప్పిందని మీరు అనకపోతే, అని కూడా అన్నారు. చుట్టూ ఉన్నవారు అలాగే అన్నారు. పాత భ్రమ వదలలేదన్నారు. తర్వాత చొక్కా వచ్చింది, చూపు వచ్చింది. ముక్కు చెప్పిన సాక్ష్యాన్ని నమ్మకపోవడం నిన్న మొన్నటి జబ్బు కాదని మాకు దీనివల్ల తోస్తుంది.

ఇక మన కళాశాల సంగతి. మా ఎరుకలో ఒక విద్యార్థిని ఉన్నది. 2021లో పోయిన వాసన ఆమెకు కొన్ని నెలలకు తిరిగి వచ్చింది గాని వక్రించి వచ్చింది. వేగుతున్న ఉల్లిపాయ, వెల్లుల్లి, కాఫీ, మాంసం ఆమెకు కుళ్ళిన కంపు కొడతాయి. ఇది ఆమె ఒక్కతెకు కలిగిన వింత కాదు. వైద్యులు అన్ని దేశాలలోనూ నమోదు చేసిన స్థితి. హాస్టలులో బిర్యానీ వండిన రోజున ఆమె పెరుగన్నం తిని లేస్తుంది. తోటివారు గొప్పలు పోతున్నదన్నారు. ఒకరిద్దరు పెద్దలు కూడా అన్నారు.

అంతకంటె ముఖ్యమైనది రసాయన శాస్త్ర ప్రయోగశాల. లవణ విశ్లేషణలో మన విద్యార్థి సగం మెట్లు ముక్కుతోనే ఎక్కుతాడు. కుళ్ళిన గ్రుడ్డు వాసన వస్తే సల్ఫైడు, పండ్ల వాసన వస్తే ఎసిటేటు, ఘాటు వస్తే అమ్మోనియం అని రాస్తాడు. అమ్మోనియా ఘాటు ముక్కున గ్రుచ్చుకోవడం మరొక నాడి పని గనుక వాసన లేనివానికి కూడా కొంత తెలియవచ్చును. తక్కినవి తెలియవు. వాడు పక్కవాని కాగితం చూసి రాయాలి, లేదా మార్కులు వదులుకోవాలి. మార్కులు సరే, హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు. దాని వాసన తెలియనివాడు పరీక్షనాళిక ముందు ఎంతసేపైనా నిలబడతాడు.

అయినా శాస్త్రానికి ముక్కే గతి కాదు. లెడ్ ఎసిటేటు కాగితం సల్ఫైడుకు నల్లబడుతుంది. తటస్థ ఫెర్రిక్ క్లోరైడు ఎసిటేటుకు ఎర్రని రంగునిస్తుంది. తడిపిన ఎర్ర లిట్మసు అమ్మోనియాకు నీలమవుతుంది. ఇవన్నీ మన బీరువాలలో ఉన్నవే. వాసన తెలియదని చెప్పిన విద్యార్థికి ఈ పరీక్షలతోనే పూర్తి మార్కులు ఇవ్వవలెననీ, వాయువులు వెలువడే ప్రయోగాలలో తోడుగా ఒకరిని నిలబెట్టవలెననీ శాఖాధిపతులకు మా మనవి. దీనిని సాకుగా వాడుకొనేవారు ఉండరా అని మిత్రులొకరు అడిగారు. ఒకరిద్దరు ఉండవచ్చును. వారు పొందే లాభం ఒక లిట్మసు కాగితం.

కమిటీ పెద్దలు ఆలోచించవలసినది మరొకటి ఉన్నది. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. కారితే తెలియడానికి మెర్కాప్టాన్ అనే దుర్గంధ ద్రవ్యాన్ని అందులో కలుపుతారు. ఆ ఏర్పాటంతా మనిషి ముక్కును నమ్ముకొని చేసినది. మన హాస్టలు వంటగది పక్క గదులలో వాసన తెలియని పిల్ల ఒక్కతె ఉన్నా ఆ ఏర్పాటు ఆమె విషయంలో లేనట్టే. గ్యాసు కారితే మోగే పరికరం బజారులో దొరుకుతున్నది. దాని వెల మన వార్షికోత్సవం నాటి పూలదండల ఖర్చును మించదని మా అంచనా. ప్రవేశ దరఖాస్తులో చూపును గురించి అడిగే గడి క్రింద వాసనను గురించి కూడా ఒక గడి చేర్చితే అటువంటివారు ఎవరో ముందే తెలుస్తుంది.

విద్యార్థులకు ఒక మాట. వాసన తిరిగి రాబట్టడానికి డ్రెస్డెన్ నగరపు వైద్యుడు థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన అభ్యాసం ఒకటి ఉన్నది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాల వాసనను ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, ఒక్కొక్కటీ కొద్ది క్షణాలు, ఆ వస్తువును మనసులో తలచుకొంటూ పన్నెండు వారాలపాటు చూడాలి. అందరికీ గుణమిస్తుందని ఏ వైద్యుడూ హామీ ఇవ్వడు. ఓపిక తప్ప ఖర్చు మాత్రం పెద్దగా లేదు. నాలుగు సీసాలు ఏ అత్తరు దుకాణంలోనైనా, మందుల కొట్టులోనైనా దొరుకుతాయి. కావలసినవారు తెలుగు శాఖ గదికి వచ్చి అడగవచ్చును. ఒక జత అక్కడ బల్ల మీద ఉంచుతాము, పేరు రాయనక్కరలేదు.