నవ్వే పళ్లు... నమిలే పళ్లు

దక్షయజ్ఞం కథలో పూషుడని ఒక దేవుడుంటాడు. దక్షుడు శివుణ్ని తిడుతుంటే ఈయన పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడట. తర్వాత శివగణాలు వచ్చి ఆ పళ్లనే రాలగొట్టాయి. శివుడు శాంతించాక దక్షుడికి మేకతలైనా దొరికింది గానీ, పూషుడికి పళ్లు మాత్రం మళ్లీ రాలేదు. ఒంటరిగా తినాల్సివస్తే ఇక నీకు పిండే గతి అన్నాడు స్వామి.

ఆ యజ్ఞంలోనే ప్రాణం విడిచిన సతీదేవి శరీరభాగం పడిన చోటు పిఠాపురం అంటారు. అష్టాదశ పీఠాల్లో పదోదైన పురుహూతికా అమ్మవారు ఉన్నది అక్కడే. ఆ ఊరి పాత పేరు పిష్టపురం. పిష్టమంటే పిండి! క్రీ.శ. 634 నాటి ఐహొళె శాసనంలో రవికీర్తి కూడా ఈ పేరుమీదే చమత్కరించాడు, పులకేశి పిష్టపురాన్ని పిండి పిండి చేశాడని.

ఈ పిండి గొడవంతా ఎందుకంటారా? మా మేనత్తది పిఠాపురమే. కొన్నేళ్లుగా ఆవిడదీ పూషుడి భోజనమే. పెరుగన్నం, మెత్తగా రుబ్బిన పచ్చడి, పాలలో నానేసిన బిస్కట్టు. జంతికల డబ్బా అందరి ముందుకీ తోసి తను మాత్రం తీసుకోదు. అడిగితే ‘వయసు కదే అమ్మాయ్’ అనేది. మేమూ నమ్మేశాం.

అసలు సంగతి మా మరదలి పెళ్లి కుదిరాక బయటపడింది. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే దాని పై ముందు పన్ను ఒకటి విరిగింది. రూట్ కెనాల్ చేయించినా పన్ను రంగు మారిపోయింది. ముహూర్తం పెట్టగానే పళ్ల డాక్టర్ దగ్గరికి బయల్దేరారు. తోడుగా నేనూ వెళ్లాను. మరదలి కోరిక ఒకటే. ముందు ఆరు పళ్లకీ సినిమాతారలకు ఉన్నట్టు తళతళలాడే వెనీర్లు వేయించుకోవాలి. అత్తయ్య అందుకు డబ్బు కూడా సిద్ధం చేసింది.

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. ‘మిగతా ఐదూ శుభ్రంగా ఉన్నాయి కదమ్మా, వాటినెందుకు అరగదీయడం?’ అంది. వెనీర్ అంటే పన్ను ముందువైపు అతికించే పింగాణీ రేకు. దానికి చాలాసార్లు పైపొరను అర మిల్లీమీటరు దాకా తీయాల్సి వస్తుంది. క్యాప్‌కైతే ఇంకా ఎక్కువే. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఆ పైపొర, ఎనామిల్. కానీ గోరులా మళ్లీ పెరగదు. చివరికి రంగు మారిన పన్ను ఒక్కదానికే క్యాప్ అని తేలింది.

ఒక్క పన్నే కదా అనుకుంటే పొరపాటు. పక్క పన్నుతో కలిసిపోయేలా ఒక్క పన్ను చేయడమే కష్టమట. రంగుల పలకలు పెట్టి, లిప్‌స్టిక్ తుడిపించి, కిటికీ దగ్గర పగటి వెలుగులో చూశారు. అదీ మొదట్లోనే, ఎందుకంటే నోరు తెరిచి ఉంచిన కొద్దీ పళ్లు ఆరి తెల్లగా కనబడతాయి. తాత్కాలికంగా ఒక క్యాప్ పెట్టి ‘వంకాయ వేపుడు’ అనమంది డాక్టరమ్మ. మరదలు పగలబడి నవ్వింది. నవ్వులాట కాదు, త, ద, న దంత్యాలనీ, వ దంతోష్ఠ్యమనీ మనం బడిలో చదువుకున్నదే. ముందు పన్ను పొడవు తేడా వస్తే మాట తేడా వస్తుంది. ముందు పన్నుకి వెనకవైపూ ఒకటుంటుంది. కింది పళ్లు జారేది దాని మీదే. అందంకోసం అక్కడ లావు చేస్తే కొన్నాళ్లకు పింగాణీ పెచ్చు ఊడుతుంది, లేదా కింది పన్ను అరుగుతుంది. అందుకే నీలం కాగితం కొరికించి, ఎక్కడ మరక గట్టిగా పడిందో అక్కడ సరిచేస్తారు. కొత్త క్యాప్ ఎత్తుగా తగులుతుంటే ‘అలవాటైపోతుందిలే’ అని సర్దుకోకండి. వెంటనే వెళ్లి చెప్పండి.

వెనక దవడ పళ్ల లెక్క వేరు. అక్కడ పడే బలం ముందు పళ్లకన్నా కొన్ని రెట్లు. అక్కడ రంగు గురించి బెంగెందుకు? లోహపు క్యాప్‌కి పన్నును తక్కువ అరగదీస్తే చాలు, పగిలే భయమూ తక్కువే. లోహం ఇష్టం లేనివాళ్లకి జిర్కోనియా ఉంది. అదీ గట్టిదే, కాకపోతే అద్దంలా నునుపు చేయకపోతే ఎదుటి పన్నును అరగదీస్తుంది. లోహం మీద పింగాణీ పూసిన క్యాప్‌లు మధ్యేమార్గం. చిగురు కిందికి జారితే కొందరికి అంచున నల్లగీత కనిపిస్తుంది. చిత్రం చూడండి, నమలడానికి బంగారం ఎంతో మంచి లోహం, పని చేయాల్సింది వెనక దవడలో. మన పాతతరం షోకిల్లాలేమో దాన్ని తెచ్చి నవ్వితే కనబడేలా ముందు పన్నుకి తొడిగించుకున్నారు!

మరదలి పని అవుతుండగా డాక్టరమ్మ చూపు అత్తయ్య మీద పడింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. ‘అమ్మగారూ, మీరూ ఒకసారి కూర్చోండి’ అంది. ‘నా నోట్లోకి ఎవరు చూస్తారమ్మా!’ అని అత్తయ్య తప్పించుకోబోయింది. బలవంతాన కూర్చోబెట్టాం.

కింద రెండువైపులా దవడ పళ్లు లేవు. నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటే పీకించేసుకుంది. కనబడని పళ్లే కదా, పెట్టించుకోవడం దండగ అనుకుంది. ఆ ఖాళీల మీదుండాల్సిన బరువంతా ముందు పళ్ల మీద పడింది. కొరకడానికే తప్ప నమలడానికి పనికిరాని పళ్లవి. చిగుళ్లు బలహీనమై, పై ముందు పళ్లు బయటికి వాలి, మధ్యలో సందులు పడ్డాయి. కొంగు అడ్డం పెట్టుకునేది ఆ సందులకే. అంటే కనబడని పళ్లు పోవడం వల్లే కనబడేవి పాడయ్యాయి. నాకు నిజంగా సిగ్గేసింది. ఏటా సంక్రాంతికి వెళ్లి ఆవిడ చేతి జంతికలు తిన్నదాన్ని, ఆవిడెందుకు తినదో ఒక్కసారీ గట్టిగా అడగలేదు.

ఆరేళ్లకి పిల్లలకి మొదటి దవడ పన్ను వస్తుంది. పాలపళ్ల వెనకాల రావడంతో చాలామంది అమ్మలు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చితే ‘ఊడిపోయేదేలే’ అని వదిలేస్తారు. అది ఊడి మళ్లీ వచ్చేది కాదు. అత్తయ్య కథ బహుశా అక్కడే మొదలై ఉంటుంది.

ఆరు వెనీర్ల కోసం దాచిన డబ్బు మిగిలింది. అది ఎవరి నోటికి వెళ్లాలన్నదాని మీద తల్లీకూతుళ్లు ఇంటికొచ్చేదాకా వాదులాడుకున్నారు. ‘పెళ్లి ఖర్చులున్నాయే’ అంటుంది అత్తయ్య. ‘ఫొటోల్లో నువ్వు నవ్వకపోతే నేనూ నవ్వను’ అంటుంది మరదలు. కూతురే గెలిచింది. వెనక ఆసరాకు పన్ను లేదు కాబట్టి బ్రిడ్జి కుదరదన్నారు. ఇంప్లాంట్లు బడ్జెట్‌కి అందలేదు. ముందు చిగుళ్లకి వైద్యం చేసి, కింద తీసి పెట్టుకునే లోహపు చట్రం సెట్టు చేశారు. మొదటి వారం అత్తయ్య తిట్టని తిట్టు లేదు. ఒరుసుకుంటోందని రెండుసార్లు వెళ్లి సరిచేయించుకుంది. పై పళ్ల సందులు అలాగే ఉన్నాయి. అవి తర్వాత చూద్దామంది డాక్టరమ్మ.

పెళ్లి ఫొటోల్లో సగం వాటిలో కొంగు అడ్డమే ఉంది. ఎన్నేళ్ల అలవాటో అది. మొన్న ఫోన్ చేసి పెళ్లి కబుర్లన్నీ అయ్యాక చివర్లో అంది.

‘కందిపచ్చడి చేశానే. ఈసారి మెత్తగా రుబ్బలేదు, పలుకు పలుకుగా ఉంచాను.’