ఫిలిప్పీన్స్‌కు ఓడ కదిలింది, మన ధర కదిలిందా?

నారాయణగూడ దాటి చిక్కడపల్లి, అశోక్‌నగర్ దిక్కు పోతే స్టడీ హాళ్ల నిండా గ్రూప్స్‌కు చదివే రైతుబిడ్డలే. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఎక్కడుందంటే నిద్రలో లేపి అడిగినా ‘ఫిలిప్పీన్స్, లాస్ బానోస్, 1960’ అని చెప్తారు. అదే ఫిలిప్పీన్స్‌కు మన బియ్యం పోతే వాళ్ల నాయనలకు ఎంత మిగిలిందన్న ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాదు. మనమే అడగాలె.

2025 మార్చి 31న కాకినాడ రేవులో పౌరసరఫరాల మంత్రి జెండా ఊపి 12,500 టన్నుల ఎంటీయూ 1010 బియ్యాన్ని సాగనంపారు. మొత్తం ఒప్పందం 8 లక్షల టన్నులన్నారు. గోదాముల్లో పేరుకున్న బియ్యం అమ్మితే మనకేం అభ్యంతరం లేదు. కానీ ఆ వడ్లు మన దగ్గర కొన్నది మద్దతు ధరకే. 500 రూపాయల బోనసు సన్నాలకే. ఈ 1010 అసలు పేరు కాటన్‌దొర సన్నాలు, కాంటా దగ్గర మాత్రం దొడ్డు రకం! ఓడ ఎక్కినందుకు క్వింటాకు ఒక్క రూపాయి ఎక్కువ అందిన రైతెవరైనా ఉంటే ఊరి పేరుతో సంఘానికి రాయండి.

అవతలి ఒడ్డున ఎవరున్నారో కూడా చూడాలి. ఏడు వేలకు పైగా దీవుల దేశం అది. వాళ్ల తగలోగ్ భాషలో వడ్లు ‘పాలాయ్’, బియ్యం ‘బిగాస్’, అన్నం ‘కానిన్’. మనకున్నట్టే మూడింటికీ మూడు మాటలు. ఇంగ్లీషోనికి మూడూ రైసే. స్పెయిన్ మూడు వందల ఏళ్లు ఏలి, 1898లో 2 కోట్ల డాలర్లు తీసుకుని ఆ దేశాన్ని అమెరికా చేతిలో పెట్టింది. దొరల భూముల్లో పంట పాలు పెట్టి నలిగిన రైతులు 1942లో ‘హుక్‌బలహాప్’ పేరుతో తుపాకులు పట్టి జపాన్ సైన్యంతో, ఆ తర్వాత భూస్వాములతో కొట్లాడారు. మన సాయుధ పోరాటం కూడా ఆ రోజులదే. 1987 జనవరి 22న భూమి కావాలని మనీలాలో ఊరేగింపు తీసిన వాళ్లలో 13 మందిని కాల్చి చంపారు.

ఆ రైతులకు 2019లో ఇంకో దెబ్బ తగిలింది. బియ్యం దిగుమతులపై ఉన్న పరిమితిని కొత్త చట్టంతో ఎత్తేశారు. ఆ ఏడాదే వడ్ల ధర కుప్పకూలింది. 2024లో సుంకాన్ని 35 నుంచి 15 శాతానికి దించారు. ఆ ఒక్క ఏడే 45 లక్షల టన్నులకు పైగా దిగుమతి అయింది. అందులో ఎక్కువ వియత్నాందే. చివరికి రైతుల గోడు మిన్నంటి, 2025 సెప్టెంబర్ 1 నుంచి రెండు నెలలు దిగుమతి ఆపారు, మళ్లీ ఏడాది చివరిదాకా పొడిగించారు. మనం జెండా ఊపి ఆరు నెలలు కాలేదు, వాళ్లు తలుపేశారు. వాళ్ల రైతు కోసం వేశారు, తప్పు పట్టలేం.

ఇంకో సంగతి. 1010 విత్తనాన్ని మార్టేరులో కృష్ణవేణికి ఐఆర్ 64ను కలిపి తీశారు. ఆ ఐఆర్ 64 పుట్టింది లాస్ బానోస్‌లోనే. వాళ్ల నేలమీద పుట్టిన రకం మన చేన్లో పండి, వాళ్ల రైతు ధర పడగొట్టడానికి ఓడెక్కింది. దీన్ని రైతు విజయం అంటే ఎట్లా?

సమగ్ర ఖర్చుకు సగం కలిపిన ధరకు చట్టం కావాలి. అంతదాకా ఏ ఎగుమతి జరిగినా టన్ను ఎంతకు అమ్మారు, మిల్లరుకెంత, రవాణాకెంత, రైతుకెంత అన్నది ప్రతి కొనుగోలు కేంద్రం గోడమీద రాయాలి. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి. కాపీ తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోండి.