పుట్టలో వెచ్చదనం, పెట్టెలో వెచ్చదనం

2023 సెప్టెంబరు 6వ తేదీన బెంగుళూరు కెంపెగౌడ విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుండి వచ్చిన సామానును సుంకపు శాఖవారు విప్పి చూడగా 78 జీవులు బయటపడినవి. అందులో 55 ఆఫ్రికా దేశపు బాల్ పైథాన్లు, 17 రాచనాగులు, 6 కపుచిన్ కోతులు. పాములు ప్రాణాలతో ఉన్నవి. కోతులు ఆరున్నూ చనిపోయి ఉన్నవి. దానికి ఏడాది ముందు, 2022 ఆగస్టులో, చెన్నై విమానాశ్రయంలోను ఇట్టిదే జరిగినది. అక్కడ దొరికిన వాటిలో కూడా ఐదు బాల్ పైథాన్లు ఉన్నవి.

ఈ వార్తలను దొంగరవాణా కథలుగా చదివి పక్కన పెట్టడం సులభం. కాని ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. ఒకే పెట్టెలో 55 పాములు ఎందుకు వచ్చినవి? కొనేవారు ఉన్నారు గనుక వచ్చినవి. ఆ కొనేవారు మహానగరాల ధనికులు మాత్రమే అనుకొనడానికి వీలులేదు. బెంగుళూరుకు, చెన్నైకి నడుమ ఉన్న నేల మన చిత్తూరు జిల్లా. ఆ రెండు నగరాలలో ఈనాడు పుట్టిన వేడుక మరునాటికి చేతిలోని ఫోను ద్వారా ఐరాల విద్యార్థికి కూడా తెలుస్తున్నది. మెడలో రంగురంగుల పాము వేసుకొని నవ్వే యువకుని బొమ్మ చూచి, అటువంటిది మనకూ ఉంటే బాగుండునని ఒక బాలుడు అనుకొంటే ఆశ్చర్యం లేదు. ఆ కోరికను గద్దించి అణచడం కన్న, దానిలో ఇమిడి ఉన్న బాధ్యత ఎంతటిదో లెక్కగట్టి చూపడం ఉపాధ్యాయునికి తగిన పని.

బాల్ పైథాన్ అనగా బంతి కొండచిలువ. భయపడినప్పుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొంటుంది గనుక ఆ పేరు వచ్చినది. విషం లేదు. మూడు నుండి ఐదు అడుగుల పొడవు పెరుగుతుంది. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ మొదలు తూర్పున ఉగాండా దాకా గల పచ్చిక మైదానాలు దీని స్వస్థలం. పగలంతా ఎలుకల బొరియలలోను, చెదపుట్టలలోను దాగి ఉండి రాత్రివేళ ఆహారానికి బయలుదేరుతుంది. బెనిన్ దేశంలోని విదా పట్టణంలో వీటికి ఒక దేవాలయమే ఉన్నది. నాగులచవితినాడు పుట్టకు పాలు పోసే మనకు ఆ ఆఫ్రికావాసుల భక్తి వింతగా తోచదు. చెదలు కట్టిన ఇంటిలో పాము కాపురముంటుందన్న సంగతి ఇక్కడివారికీ తెలుసు, అక్కడివారికీ తెలుసు.

పాము పుట్టను ఎందుకు కోరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే తక్కిన విషయమంతా తెలిసినట్లే. మన దేహం తిన్న అన్నాన్ని మండించి 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని తానే కాపాడుకొంటుంది. పాముకు ఆ శక్తి లేదు. తనకు కావలసిన వేడిని అది నేల నుండి, రాతి నుండి, ఎండ నుండి తెచ్చుకొనవలసినదే. వేడి చాలకపోతే దాని కడుపులో పడిన ఎలుక జీర్ణం కాదు. పాము దానిని కక్కివేస్తుంది. చల్లని తేమలో ఎక్కువకాలం ఉన్న పాముకు శ్వాసకోశ వ్యాధులు వస్తవి. వేడి మితిమీరితే అంతకన్న త్వరగా ప్రాణం పోతుంది. కాబట్టి పాము రోజంతా చేసే ముఖ్యమైన పని స్థలం మారడం. వేడి కావలసినప్పుడు వేడిచోటికి, చాలినప్పుడు చల్లనిచోటికి జరుగుతుంది. బయట ఎండ మండుతున్నా, రాత్రి చలి కొరుకుతున్నా, పుట్ట లోపలి వేడిలోను తేమలోను మార్పు చాలా తక్కువ. పైగా దానిలో పైపొర ఒక తీరు, అడుగుపొర ఇంకొక తీరు. పాముకు ఎన్నిక చేసుకొనే స్వేచ్ఛ అక్కడ ఉన్నది.

ఈ జాతుల మధ్య కూడా భేదాలున్నవి. 1966లో న్యూయార్క్ జంతుశాలలోని ఒక ఆడ బర్మా కొండచిలువను పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఒక అపురూప విషయం ప్రకటించారు. గుడ్ల చుట్టూ చుట్టుకొన్న ఆ తల్లి తన కండరాలను మాటిమాటికి అదిలించి, చుట్టూ ఉన్న గాలి కన్న కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడిని పుట్టించగలిగింది. బంతి కొండచిలువ తల్లి కూడా గుడ్లను చుట్టుకొనే ఉంటుంది. కాని ఆ విధంగా వేడి పుట్టించే నేర్పు దానికి లేదు. పుట్ట ఇచ్చే వెచ్చదనమే దానికి ఆధారం.

అటువంటి జీవిని పెట్టెలో పెట్టినవాడు పామును మాత్రమే పెంచుతున్నానని అనుకొంటే పొరబాటు. అతడు ఒక పుట్టను, ఒక వాతావరణాన్ని పోషించవలసి ఉంటుంది. దానికి లెక్కలున్నవి. ఎదిగిన పాముకు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు గల పెట్టె కనీసం కావాలి. ఒక కొసను 31 నుండి 33 డిగ్రీల వేడి, రెండవ కొసను 24 నుండి 27 డిగ్రీలు ఉండాలి. రెండు కొసలలోను పాము ఒదిగి దాగే గూడు ఒక్కొక్కటి ఉండాలి. వెచ్చనిచోట మాత్రమే గూడు ఉంటే పాము చల్లదనం కన్న చాటునే కోరి, వేడిలోనే మగ్గుతుంది. గాలిలో తేమ 60 నుండి 80 శాతం ఉండాలి. అందుకు అడుగున కొబ్బరిపొట్టు పరచి తడి తగ్గకుండా చూడాలి. పాము మునగగలిగినంత నీటి తొట్టి ఉండాలి. కొలవడానికి రెండు కొసల రెండు ఉష్ణమాపకాలు, ఒక ఆర్ద్రతామాపకం తప్పనిసరి. చేతితో తాకి వేడి చూచే అలవాటు వంటింటికి చాలును గాని ఇక్కడ చాలదు.

వేడినిచ్చే సాధనం ఏదైనా సరే, దానికి థర్మోస్టాట్ అనే నియంత్రకం లేకుండా వాడకూడదు. వేడి నిర్ణీత స్థాయికి చేరగానే అది విద్యుత్తును ఆపుతుంది, తగ్గగానే మళ్ళీ ఇస్తుంది. అది లేని హీట్ మ్యాట్ మీద పడుకొన్న పాము అక్కడినుండి తొలగిపోక కడుపు కాల్చుకొనడం పశువైద్యులు ఎరిగిన సంగతే. వేడిరాయి అనే పేరుతో అమ్మే వస్తువు మరీ ప్రమాదకరం. బల్బు వాడితే పాము దానిని చుట్టుకొనకుండా తీగవల కట్టాలి. రాత్రివేళ వెలుగు ఉండరాదు. అప్పుడు వెలుగులేని పింగాణీ సాధనం ద్వారానే వేడినివ్వాలి.

ఈ లెక్కలను ఐరాలకు తెచ్చి చూడవలసి ఉన్నది. బంతి కొండచిలువల పెంపకం గూర్చి వ్యాప్తిలో ఉన్న సలహాలలో అధికభాగం ఇంగ్లండు, అమెరికాల వంటి చలిదేశాల ఇండ్లను దృష్టిలో ఉంచుకొని వ్రాసినవి. అక్కడి సమస్య వేడి చాలకపోవడం. మన సమస్య వేరు. మే నెలలో మన జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులున్నవి. రేకుల కప్పు క్రింది గదిలో గాలి ఆడని అద్దపు పెట్టె ఉంటే, అందులోని జీవి మధ్యాహ్నానికి ఉడికిపోతుంది. పుస్తకంలో చెప్పినారు గదా అని దానికి తోడు బల్బు కూడా వెలిగిస్తే ఇక చెప్పవలసినదేమున్నది? వేసవిలో ఇక్కడ వేడి పెట్టడం కాదు, వేడిని తప్పించడం నేర్చుకోవాలి. పెట్టెలోని చల్లని కొస కూడా 27 డిగ్రీలకు దిగకపోతే పాముకు ఎన్నికే లేదు. పుష్యమాసపు రాత్రులలో 20 డిగ్రీలకు దిగువన చలి పడుతుంది. అప్పుడు వేడి కావాలి. కార్తీకమాసపు తుపాను వానలలో గాలిలో తేమ నిండి ఉంటుంది. అప్పుడు పొట్టును తడపరాదు. ఆ వానలలోనే కరెంటు పోతుంది. ఒకే పెట్టెకు ఏడాదిలో మూడు విధాల యాజమాన్యం అవసరమన్న మాట. ఏ చలిదేశపు పుస్తకమూ మన ఋతువులకు పంచాంగం కాదు.

కాలపరిమితి కూడా ఆలోచించదగినది. బాగా చూచుకొంటే ఈ పాము ఇరవై ముప్పై సంవత్సరాలు బ్రతుకుతుంది. 2020 జూలైలో అమెరికాలోని సెయింట్ లూయీ జంతుశాలలో, కనీసం 62 ఏళ్ళ వయసు ఉంటుందని భావింపబడిన ఒక బంతి కొండచిలువ గుడ్లు పెట్టినది. పదవ తరగతి బాలుడు తెచ్చుకొన్న పాము అతడు కళాశాల ముగించి, ఉద్యోగంలో చేరి, బిడ్డలను బడికి పంపేనాటికి కూడా అదే పెట్టెలో వేడికోసం ఎదురుచూస్తుంటుంది. అతడు తిరుపతిలో హాస్టలులో ఉండగా ఉష్ణమాపకం ఎవరు చూస్తారు? ఎలుకల ఆహారం ఎవరు పెడతారు? ఈ ప్రశ్నలకు ఇంటిలోని పెద్దలు మొదటే జవాబు చెప్పుకోవాలి.

ఇక చట్టం సంగతి. మన దేశపు పాములకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇచ్చింది. విదేశీ జీవుల విషయం చాలాకాలం ఆ చట్టానికి వెలుపలనే ఉండిపోయినది. 2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ, అట్టి జీవులు ఉన్నవారు స్వచ్ఛందంగా ప్రకటించుకొనడానికి అవకాశమిచ్చింది. 2022లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ సవరణ అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ఒడంబడిక జాబితాలలోని జీవులు నాలుగవ షెడ్యూలులో చేరినవి. బంతి కొండచిలువ ఆ ఒడంబడికలోని రెండవ అనుబంధానికి చెందినది. 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నిబంధనల ప్రకారం, అట్టి సజీవ ప్రాణి ఉన్నవారు పరివేష్ అనే ప్రభుత్వ వేదిక ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలిపి నమోదు చేయించుకోవాలి. దానికి పుట్టిన పిల్లలను, దాని మరణాన్ని, అది చేతులు మారడాన్ని కూడా తెలపాలి.

ఈ సంస్కరణ మెచ్చదగినదే. చీకటి వ్యాపారానికి వెలుగు కావాలి. కాని నమోదు పత్రం అందినంత మాత్రాన పెట్టెలో వేడి సరిపడదు. జీవిని లెక్కించడం ప్రభుత్వం చేయగలదు. అర్ధరాత్రి 22 డిగ్రీలకు పడిపోయిన ఉష్ణమాపకాన్ని చూడగలిగినది ఆ ఇంటివారు మాత్రమే.

పాముల ప్రేమికులు చేసే వాదం ఒకటి ఉన్నది, దానిని తేలికగా తోసివేయరాదు. పెంపకంలో పుట్టిన శాంతజీవిని చేతబట్టిన బాలునికి పాములంటే భయం పోతుంది, కనబడిన ప్రతి పామునూ కర్రతో కొట్టే మన అలవాటు మారుతుంది అంటారు. మంచి ఉద్దేశమే. కాని మన చేలలో ఇది ఎదురుతిరగవచ్చును. వేరుసెనగ పైరులో తిరిగే రక్తపింజర ఒంటిమీద మచ్చలు చూచి కొండచిలువ పిల్ల అని భ్రమపడినవారు ఉన్నారు. మచ్చల పాము మెత్తని ఆటవస్తువని నేర్చిన చేయి చేనిగట్టున దేనికి సాగుతుందో ఊహించండి. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. భయం పోవలసినదే, కాని దాని స్థానంలో గుర్తించే జ్ఞానం రావాలి. నాగుపామును, కట్లపామును, రక్తపింజరను, జెర్రిపోతును వేరుచేసి చెప్పగలిగిన విద్యార్థికి ఆఫ్రికా పాముతో పని లేదు.

విసుగు పుట్టినవారు పామును కొండలో విడిచి పుణ్యం కట్టుకొన్నామనుకొనే ప్రమాదం కూడా ఉన్నది. అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి అడవులలో, పెంపకం నుండి బయటపడిన బర్మా కొండచిలువలు వంశాభివృద్ధి చెంది అక్కడి చిన్న జంతువులను తుడిచిపెట్టినవి. రకూన్లు కంటబడడం 99 శాతం తగ్గినదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చలిదేశంలో విడిచిన పామును శీతకాలం చంపుతుంది. మన ఎర్రనేలల వెచ్చదనం అట్టి అడ్డు కాకపోవచ్చును. పైగా పెట్టెలో సోకిన వ్యాధి అడవిపాములకు అంటుకొనవచ్చును. శేషాచలం కొండలలో మన కొండచిలువ ఉన్నది. అది మొదటి షెడ్యూలులోని జీవి. దానిని పట్టి ఇంట ఉంచడం నేరం. బయటి పామును విడువరాదు, మన పామును పట్టరాదు. ఈ రెండూ కలిపి నేర్పవలసిన పాఠం.

ఇప్పటికే పాము ఉన్నవారు చేయవలసినది స్పష్టం: చట్టప్రకారం తెలపడం, వేడికి నియంత్రకం పెట్టడం, రెండు కొసలా కొలవడం, కరెంటు పోయిన రాత్రికి దారి ముందే చూచుకొనడం, పోషించలేకపోతే అటవీ శాఖకు తెలపడం. లేనివారికి తిరుపతిలో 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉన్నది. జంతువుల వసతిని గూర్చి అక్కడివారిని అడిగి తెలుసుకొనవచ్చును.

బడిలో చేయదగిన పని ఒకటి ఉన్నది, దానికి పాము అక్కరలేదు. రెండు ఉష్ణమాపకాలు, ఒక మట్టికుండ చాలును. బడి ఆవరణలో ఒకదానిని ఎండలో ఉంచి, రెండవదానిని చెట్టు నీడన మెడ దాకా పూడ్చిన కుండలో ఉంచి, గంట గంటకూ అంకెలు వ్రాయమనండి. పుట్టల జోలికి, బొరియల జోలికి పిల్లలను పోనీయకండి. సాయంకాలానికి పలకమీద రెండు గీతలు గీస్తే, ఒకటి కొండవలె లేచి పడుతుంది, రెండవది చదునుగా సాగుతుంది. ఆ చదునైన గీతే పాము కోరే ఇల్లు. చెదలు ఒక్క పైసా ఖర్చు లేకుండా కట్టియిచ్చే ఆ ఇంటిని ముప్పై ఏళ్ళపాటు, ఒక్క రాత్రి కూడా తప్పకుండా, తన గదిలో నిలుపగలనా అని విద్యార్థి తనను తాను ప్రశ్నించుకోవాలి. నిలుపలేననే జవాబు వస్తే, పామును దాని దేశంలో దాని పుట్టలోనే ఉండనివ్వడం కూడా దానిపట్ల ప్రేమయే.