అక్వేరియం టూరు సరే... మామ్మను అడిగారా?

పిల్లల సెలవుల లిస్టులో ఈ మధ్య అక్వేరియం పైకి వచ్చేసింది. ఫోన్లో ఎవరో పెట్టిన వీడియో చూస్తారు. తలమీదుగా సొరచేప ఈదుకుంటూ పోతుంటుంది, కింద గాజు సొరంగంలో జనం నోరు తెరుచుకుని నిలబడి ఉంటారు. ‘మనమూ వెళ్దాం నాన్నా’ అంటే కాదనబుద్ధి కాదు. వెళ్లండి. అమలాపురం నుంచో, రాజోలు నుంచో, కొత్తపేట నుంచో బయల్దేరే కుటుంబం ఆ ప్రయాణానికి ప్లాన్ వేసే తీరు మీదే నా అభ్యంతరం. టికెట్టు ఎంత, ఏయే చేపలున్నాయి, ఫొటో ఎక్కడ బాగా వస్తుంది అని అన్నీ వాకబు చేస్తారు. వెనక సీట్లో కూర్చునే మామ్మ మోకాళ్ల సంగతి, తాతయ్య షుగరు మాత్ర సంగతి ఎవరూ ఎత్తరు. తిరిగొచ్చిన మర్నాడు ఇంట్లో ఇద్దరు మంచం పడితే దిష్టి తగిలిందని ఉప్పు తిప్పిపోస్తారు.

ముందు ఈ ‘అరుదైన జీవి’ మోజు గురించి చెప్పాలి. ఇంగ్లండులోని ప్లిమత్‌లో పెద్ద అక్వేరియం ఉంది. అక్కడ ఒక పెద్ద తొట్టెను కడిగి మళ్లీ చేపలు నింపే సమయంలో పరిశోధకులు జనాన్ని దాని ముందు కూర్చోబెట్టి గుండె వేగం, రక్తపోటు కొలిచారు. 2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తొట్టెను చూస్తూ కూర్చున్నవారి గుండె వేగం తగ్గింది. విచిత్రమేమిటంటే చేపలు ఇంకా వేయకముందు, వట్టి నీళ్లూ నాచూ ఉన్నప్పుడు కూడా తగ్గింది. చేపలు పెరిగేకొద్దీ జనం మరింతసేపు చూశారు, మనసు మరింత తేలికపడింది. అంటే మీ గుండెకు కావాల్సింది కాసేపు కదలకుండా కూర్చుని నీళ్లలోకి చూడటం. ఆ చేప ప్రపంచంలో ఎన్ని మిగిలాయన్న లెక్క దానికి పట్టదు. మనమేమో గంటలో అన్ని తొట్టెలూ చుట్టేసి, ఒక్కోదాని ముందు సెల్ఫీ దిగి, చెమటలు కక్కుతూ బయటికొస్తాం. దాన్ని విహారం అనాలో వ్యాయామం అనాలో తెలియదు.

ఇంకో మాట. నిజంగా అరుదైన సముద్ర జీవుల్లో చాలావాటిని తొట్టెలో పెట్టకూడదు. మన దేశంలో డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వొద్దని 2013లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. వేల్ షార్క్‌నే తీసుకోండి. చేపలన్నిటిలోకీ పెద్దది. దాన్ని అట్లాంటాలోని జార్జియా అక్వేరియంలో పెంచారు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లి దాన్ని చూసొచ్చి చెప్పినవాళ్లు మీ వీధిలోనూ ఉండొచ్చు. 2005లో తెరిచిన ఆ అక్వేరియంలో 2007లోనే రెండు వేల్ షార్కులు చనిపోయాయి. అదే జీవి మన విశాఖ సముద్రంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. 2021 డిసెంబరులో తంతడి తీరంలో వలకు చిక్కితే మత్స్యకారులు, అటవీశాఖ వాళ్లు కలిసి మళ్లీ సముద్రంలోకి సాగనంపారు. కాబట్టి ఏ ఎగ్జిబిషన్ వాళ్లయినా ‘ప్రపంచంలోనే అరుదైన జీవి’ అని బోర్డు పెడితే ఆనందపడకుండా, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. బయట దుకాణంలో ఎండబెట్టిన సముద్రగుర్రాలు, పగడపు కొమ్మలు అమ్ముతుంటే కొనకండి. వన్యప్రాణి చట్టం కింద రెండిటికీ రక్షణ ఉంది.

ఇక ప్రయాణం. అమలాపురానికి రైలు లేదు. కత్తిపూడి మీదుగానో రావులపాలెం మీదుగానో విశాఖ వెళ్లాలంటే కారులో నాలుగైదు గంటలు. బీచ్ రోడ్డులోని మత్స్యదర్శినికి వెళ్తారో, చెన్నై దాకా వెళ్లి గాజు సొరంగమే చూస్తారో మీ ఇష్టం. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో, సెలవు ఏ రోజో కనుక్కోండి. మరమ్మతులకని మూసేసిన గేటు ముందు పిల్లల ఏడుపు ఎవరి బీపీకీ మంచిది కాదు.

ఈ ప్రయాణంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది బాత్రూమ్ సంగతి. మన ఇళ్లలో ఆడవాళ్లు ప్రయాణం ఉందంటే పొద్దుట కాఫీతో సరిపెట్టి నీళ్లు ముట్టరు. దారిలో ఎక్కడ ఆపుతారో తెలియదు, ఆపినా ఆ బాత్రూమ్ ఎలా ఉంటుందో తెలియదు, ‘ఒక్కసారి ఆపండి’ అని మగవాళ్లను అడగడానికి మొహమాటం. ఉదయం ఐదింటికి బయల్దేరి పదింటిదాకా బిగబట్టుకుని కూర్చుంటారు. నీళ్లు తక్కువై, ఉన్న మూత్రమూ గంటల తరబడి నిలిచిపోతే సూక్ష్మజీవులకు అంతకన్నా ఏం కావాలి? రెండు రోజులకు మంట, చలిజ్వరం. షుగరు ఉన్నవారికైతే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకే ప్రమాదం ఉంది. ఇది ఆమె ఆరోగ్య సమస్యలా కనిపిస్తుంది కానీ నిజానికి డ్రైవింగ్ చేసే మనిషి సమస్య. ఎవరూ అడగకుండానే రెండు గంటలకోసారి శుభ్రమైన పెట్రోలు బంకు దగ్గరో హోటలు దగ్గరో ఆపడం ఆయన పని. ఆ ఐదు నిమిషాలు తాతయ్య కూడా దిగి నాలుగడుగులు వేస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

తిండి విషయం పెద్దగా చెప్పక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లే అలవాటు మనకుంది, అది హోటలు బిర్యానీ కన్నా మేలు. అయితే పెరుగన్నాన్ని ఎండలో నిలిపిన కారులో మధ్యాహ్నం దాకా ఉంచకండి. షుగరు మాత్ర వేసుకున్నాక ‘లోపలికి వెళ్లొచ్చి తిందాం’ అని క్యూలో నిలబడటం మాత్రం ప్రమాదకరం. వణుకు, చెమట, తడబాటు మొదలైతే షుగరు పడిపోతోందని అర్థం. జేబులో రెండు చాక్లెట్లు ఉండాల్సింది పిల్లల కన్నా ముందు తాతయ్యకు. కారులో వాంతులయ్యే పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి. కిటికీలోంచి దూరంగా ఉన్న కొబ్బరి తోపుల్ని చూడనివ్వండి.

అక్వేరియంలోకి అడుగుపెట్టగానే చీకటి. బయట భగభగ ఎండ, లోపల నీలి వెలుతురు. చిన్నపిల్లల కళ్లు త్వరగానే సర్దుకుంటాయి. అరవై దాటినవారికి, అందులోనూ శుక్లాలు ఉన్నవారికి చాలాసేపు పడుతుంది. అదే సమయంలో పిల్లలు ‘మామ్మా రా రా’ అని చెయ్యి పట్టుకు లాగుతారు. కింద నేల తడిగా ఉండొచ్చు, మెట్టు ఉండొచ్చు. పండు వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషను, నెలల తరబడి మంచం. గుమ్మం లోపలే గోడ పక్కన ఐదు నిమిషాలు ఆగండి. తొందరపెట్టే గైడుకు ‘మీరు వెళ్తూ ఉండండి’ అని చెప్పండి.

కొన్ని చోట్ల చేపల్ని, నక్షత్ర చేపల్ని తాకనిచ్చే తొట్టెలుంటాయి. చేతి మీద గాయం, గోరుచుట్టు ఉన్న పిల్లలను అందులో చెయ్యి పెట్టనివ్వొద్దు. నీళ్లలో ఉండే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి గాయంలోంచి చర్మంలోకి చేరితే రెండు నుంచి నాలుగు వారాల తర్వాత వేలి మీద ఎర్రటి గడ్డ లేస్తుంది. మామూలు సెగ్గడ్డ అనుకుని వారంపాటు మాత్రలు మింగినా తగ్గదు, చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఇంట్లో చేపల తొట్టె కడిగేవారికీ, చెరువుల్లో రొయ్యలు పట్టేవారికీ ఇది రావచ్చు. కోనసీమలో అలాంటి ఇళ్లు తక్కువేం కాదు. మానని గడ్డతో డాక్టరు దగ్గరికి వెళ్తే ఫలానా నీళ్లలో చెయ్యి పెట్టామని మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

పిల్లలకు సముద్ర జీవి విలువ చెప్పాలంటే నేనైతే గుర్రపుడెక్క పీతను ఎంచుకుంటాను. మన కాలువల్ని పట్టేసే గుర్రపుడెక్క కాదు. మన తూర్పు తీరంలో, ముఖ్యంగా ఒడిశాలో కనిపించే, డిప్ప బోర్లించినట్టుండే ప్రాచీన జీవి. దాని రక్తం నీలం. అమెరికా తీరంలోని దాని చుట్టాల రక్తంలో ఒక గుణం ఉంది. బ్యాక్టీరియా విషం ఏ కొంచెం తగిలినా గడ్డకడుతుంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, టీకాలు సురక్షితమో కాదో తేల్చే పరీక్ష దాంతోనే పుట్టింది. మీ పిల్లవాడికి వేయించిన టీకా వెనక ఆ పీత ఉండొచ్చు.

విశాఖ దాకా ఎందుకు అనుకునేవారికి మన జిల్లాలోనే దారి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద దాకా. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లను అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం వైపు వాళ్లు ఏటా చూస్తూనే ఉన్నారు. పులస కోసం పుస్తెలమ్మే ఊళ్లం కదా, తాబేలు కోసం ఒక సాయంత్రం ఇవ్వలేమా అనిపిస్తుంది నాకు. అటవీశాఖ వాళ్లను అడిగి, పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు తెలుసుకుని వెళ్లండి. ఫోన్ లైటు, ఫ్లాష్ వేయొద్దు. సముద్రం మెరుపును చూసి నడిచే ఆ పిల్లలు లైటు వైపు మళ్లి దారి తప్పుతాయి. చేత్తో పట్టుకోవద్దు, తాబేళ్ల ఒంటి మీద టైఫాయిడ్ జాతికి చెందిన సాల్మొనెల్లా ఉండొచ్చు. మనవళ్లను అలల్లోకి దిగనివ్వొద్దు. వదిలేది తెల్లవారుజామునైతే చలిగాలి ఉంటుంది. మామ్మకు మఫ్లరు, ఇసుకలో వేసుకోవడానికి ఒక మడత కుర్చీ రాత్రే కారులో పెట్టేయండి.