పట్టాలున్న దిక్కుకే లోకల్ రైలు

హైదరాబాద్‌లోని కాచిగూడ స్టేషన్ 1916లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో కట్టింది. వాడీ జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు బ్రాడ్‌గేజ్ రైలు 1874లోనే వచ్చింది. నాంపల్లి స్టేషన్ 1907 నాటిది. మన్మాడ్ నుంచి వచ్చిన లైను మాత్రం మీటర్‌గేజ్. ఆ మీటర్‌గేజ్‌ను మూసీ దాటించి మహబూబ్‌నగర్ వైపు నడిపేందుకు కాచిగూడ కేంద్రమైంది. నడుమ పెద్ద గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మినార్లు ఉన్న ఆ భవనాన్ని చూస్తే రైల్వే స్టేషన్ కన్నా నవాబుల దేవిడీ గుర్తొస్తుంది. నగరంలో ఇంత అందమైన స్టేషన్ మరొకటి లేదు.

ఇబ్రహీంపట్నం వాసులకు ఈ లైనులో ముఖ్యమైన చోటు మలక్‌పేట. కాచిగూడ దాటి మూసీ మీదుగా మలక్‌పేట చేరిన పట్టాలు అక్కడి నుంచి డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా మీదుగా నైరుతికి మళ్లుతాయి. ఆగ్నేయాన ఉన్న ఇబ్రహీంపట్నం దిక్కు లైను వేయలేదు. నిజాం రైల్వే 1930లో బ్రిటిష్ కంపెనీ చేతి నుంచి సర్కారు చేతికి వచ్చింది. 1951లో కేంద్రానికి, 1966లో దక్షిణ మధ్య రైల్వేకు మారింది. 1990ల్లో మీటర్‌గేజ్ పోయి బ్రాడ్‌గేజ్ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ లైను దారి మాత్రం మారలేదు.

2003 ఆగస్టులో నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్ మొదలైంది. మరుసటి ఏడాది ఫలక్‌నుమా దాకా బండ్లు నడిచాయి. అలా దూరప్రయాణపు స్టేషనైన కాచిగూడ లోకల్ స్టేషన్ కూడా అయింది. ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్ స్టేషన్లలో విద్యార్థులు, చిరుద్యోగులు తక్కువ టికెట్‌తో ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఉన్న పట్టాల మీదే నడపడం వల్ల ఖర్చు తగ్గింది, పనీ త్వరగా అయింది. ఆ నిర్ణయం సరైనదే. కానీ నిజాం కాలంలో రైలు పోని పల్లెలకు ఎంఎంటీఎస్ కూడా పోలేదు.

ఎంఎంటీఎస్ రెండో దశలో రాష్ట్రం మూడింట రెండు వంతులు, రైల్వే ఒక వంతు భరించాలన్నది ఒప్పందం. 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్‌కు, సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు బండ్లు మొదలయ్యాయి. అవీ పాత లైన్లే.

ఈలోగా ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు పొడుగునా ఇంజనీరింగ్ కాలేజీలు, ఆదిభట్లలో ఐటీ, విమాన విడిభాగాల సంస్థలు వచ్చాయి. ఇబ్రహీంపట్నం నుంచి కోఠి వైపు పోయే బస్సు మలక్‌పేటలో రైల్వే బ్రిడ్జి కిందుగానే పోతుంది. గట్టి వాన పడితే ఆ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి, బండ్లు దిల్‌సుఖ్‌నగర్ దాకా బారులు తీరతాయి. కొత్త లైను ఎక్కడ వేయాలో తేల్చేటప్పుడు పాత పటాన్ని కాదు, ఈ బారులను చూడాలి. శివారు రైలు తదుపరి దశలో సాగర్ రోడ్డుకు సర్వే అయినా చేయించాల్సింది ప్రభుత్వాలే.